నూట ఇరవై నాలుగు, ఎనిమిది ఎ

ఆ శనివారం పొద్దున అల్లుడి ప్లాను చాలా చిన్నది. స్పీకర్లు క్లబ్బు హాలుకు చేర్చి రావడం, భోజనం చేయడం, సాయంత్రం ఐదింటినుంచి రెండు గంటలపాటు పాట మీద పాట కలిపి వేస్తూ జనాన్ని కుర్చీల్లో కూర్చోనివ్వకుండా చూడడం. మేనేజరుకు నచ్చితే ఇక ప్రతి శనివారం హాలు అతనిదే. నచ్చకపోతే ఏమవుతుందో భార్య ముందే చెప్పింది.

"ఇదే ఆఖరుసారండీ. ఇది కూడా తేలకపోతే ఈ స్పీకరు పెట్టెలన్నీ అమ్మేద్దాం. ఇంట్లో బీరువా పెట్టుకోడానికి చోటు లేదు."

ఆమె మాటలో తప్పు లేదు. పోయిన నెల అదే హాల్లో అతను నిమిషానికి నూట పది దెబ్బల పాట మీంచి నూట ఇరవై ఎనిమిది దెబ్బల పాట మీదికి ఒక్క గెంతు గెంతాడు. శ్రుతి కూడా కలవలేదు. జనం వెళ్లి కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. అందుకే నెల్లాళ్లు కష్టపడి తన నూట యాభై పాటలకూ పేరు ముందు వేగం, శ్రుతి గుర్తు రాసుకున్నాడు: 124-8ఎ, 126-9ఎ. వేగం దగ్గరగా ఉండి, శ్రుతి అంకె అదేగానీ పక్కదిగానీ అయితే పాటలో పాట ఎప్పుడు కలిసిందో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున కంప్యూటరుకు పెట్టి ఉంచిన పెన్‌డ్రైవ్‌లో ఆ అంకెలు ఇంట్లోనే ఉండే మామగారి కంటపడ్డాయి. ఆయన ముప్ఫై నాలుగేళ్లు రికార్డు రూములో పనిచేసి రిటైరైన మనిషి. చిందరవందరగా ఏది కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు. అల్లుడు స్పీకర్లు దింపి వచ్చేలోగా పని ముగించి, తృప్తిగా కునుకు తీశారు.

నాలుగున్నరకు హాల్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూసిన అల్లుడికి తన అంకెలు ఒక్కటీ కనిపించలేదు. ఫోన్ చేశాడు.

"మామయ్యగారూ, పాటల ముందు అంకెలేవి?"

"తీసేశాను బాబూ. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. అక్షర క్రమంలో పెట్టి ఒకటినుంచి నూట యాభైదాకా నంబర్లేశాను. ఇక నువ్వు వెతుక్కోనక్కర్లేదు."

అల్లుడు నెత్తి కొట్టుకున్న చప్పుడు అవతలికి వినిపించింది.

"ఏం, పాతవి కావాలా? రిజిస్టర్లో ఎక్కించకుండా తీసేస్తానా నేను?"

"ఉన్నపళంగా ఆ రిజిస్టరు పట్టుకుని రండి. ఏ పాట మీంచి ఏ పాటకెళ్లాలో రాసి టేబుల్ పైన గోడకి అంటించిన కాగితం కూడా."

సరిగ్గా ఐదింటికి మామగారు దిగారు. వెంట కూతురు. రిజిస్టరు ఇమ్మని అల్లుడు చెయ్యి చాస్తే ఆయన ఇవ్వలేదు. రిజిస్టరు చేతులు మారితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పక్కనే స్టూలు వేసుకుని, కళ్లజోడు సవరించుకుని, రిజిస్టరు చూసి ఒక్కో పాట కొత్త నంబరు చెప్పడం మొదలుపెట్టారు.

పావుగంట గడిచింది. అల్లుడికి ఓపిక అయిపోయింది. "నూట ఇరవై ఎనిమిదిది ఒకటి చెప్పండి."

"ఇప్పుడు నూట పద్దెనిమిదిలో ఉన్నాం. నూట పంతొమ్మిది ఇంకా అవలేదు."

"జనానికి ఊపు రావాలి మామయ్యగారూ."

"వస్తుంది. వరుసలో వస్తుంది."

"పోనీ, ఆ పన్నెండు ఎ పాట..."

"ఏడు ఎ మీంచి పన్నెండుకెలా వెళతావు? పక్క అంకెకే వెళ్లాలని ఈ కాగితంలో నువ్వే రాశావు. నేను దారిలో చదువుకుంటూ వచ్చాను."

అల్లుడు పళ్లు నూరుకుంటూ ఎనిమిది ఎ పాట కలిపాడు. అది ఎక్కడ కలిసిందో అతనికే తెలియలేదు. తర్వాత నూట ఇరవై, నూట ఇరవై ఒకటి. మెట్టు మెట్టుగా హాలంతటికీ ఊపు ఎక్కుతోంది. నూట ఇరవై నాలుగు, ఎనిమిది ఎ వచ్చేసరికి పోయిన నెల మొదట కూర్చున్న పెద్దాయన కూడా మధ్యలో ఎగురుతున్నాడు. అల్లుడికి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ తనకు లేనిది అంకెలు కావు, ఓర్పు.

ఏడింటికి మేనేజరు వచ్చి మామగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ప్రతి శనివారం మీరు తప్పకుండా రావాలి సార్." అల్లుడివైపు తిరిగి, "మీరు కూడా," అన్నాడు.

ఇంటికి వచ్చాక భార్య పెట్టెల మీది దుమ్ము తుడిచింది.

"అమ్మొద్దులెండి," అంది. "నాన్నకి కావాలి."