నాయనమ్మగారి క్యాబేజీ జాడీ

ఆ ఉదయం లోవమ్మకి పని సులువుగానే కనిపించింది. గల్ఫ్ దేశంలోని అమ్వాజ్‌లో తాను వంట చేసే వాల్టర్ సారు ఇంటికి ఆయన తల్లి అమెరికా నుంచి వస్తోంది. బంగాళాదుంపలు ఉడకబెట్టాలి, సాసేజీలు వేయించాలి, ఇల్లు తుడవాలి. అంతే.

"మా నాయనమ్మ జాడీ మాత్రం ముట్టుకోకు లోవమ్మా. ఆరు వారాలుగా ఊరుతోంది. అమ్మే తెరవాలి," అని చెప్పి సారు విమానాశ్రయానికి వెళ్ళాడు.

జాడీలో ఉన్నది ఉప్పేసి ఊరబెట్టిన క్యాబేజీ. సారుది మిస్సోరీ నది ఒడ్డున లిండెన్‌బర్గ్ అనే చిన్న ఊరు. జర్మనీ నుంచి పడవల్లో వచ్చి ఇటుక ఇళ్ళు కట్టుకున్న తాతల ఊరు. వరదొస్తే అక్కడి జనం ముందు ఈ జాడీలనే మేడ మీదికి ఎక్కిస్తారట. గోదారి లంకలో పుట్టిన లోవమ్మకి ఆ ఊరంటే వినగానే ఇష్టం కలిగింది. ఇష్టం కొద్దీ జాడీ మీద దుమ్ము చూడలేక తడిగుడ్డతో తుడిచింది. మూత జరిగింది. లోపల తెల్లటి నురగ. గుప్పుమని పులిసిన కంపు.

లోవమ్మ చటుక్కున మూత పెట్టేసింది. తడి చెయ్యి తగిలితే ఊరగాయ చెడుతుందని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఈ ఉద్యోగం పోతే వీసా పోతుంది, మొగుణ్ణి ఇక్కడొదిలేసి ఒక్కతే ఊరికి పోవాలి. అదే భవనంలో ఏసీలు బాగుచేసే ఆ మొగుడు బుల్లబ్బాయికి ఫోన్ చేసింది.

"ఏవండీ, కొంప మునిగింది! నా తడి చెయ్యి తగిలి సారు ఊరగాయ కుళ్ళిపోయింది!"

బుల్లబ్బాయి పరిగెత్తుకొచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఎవరూ చూడకముందే పారేద్దావే. నువ్వు కొత్తది కలిపెయ్," అని మొత్తం తీసుకెళ్ళి చెత్త గొట్టంలో గుమ్మరించాడు.

ఆ గొట్టం ఆరు అంతస్తులకీ ఒక్కటే. పది నిమిషాల్లో కంపు ప్రతి ఇంటి తలుపూ తట్టింది. కాపలాదారు గ్యాస్ లీకైందనుకుని, గ్యాస్ కట్టేసి గంట మోగించాడు. "ఖలాస్! యల్లా, యల్లా! సబ్ నీచే!" అంటూ అందర్నీ కిందికి తరిమాడు.

అప్పటికి లోవమ్మ రెండు క్యాబేజీలు సన్నగా తరిగి, కారం, ఆవపిండి, వెల్లుల్లి, నిమ్మరసం, నూనె పోసి జాడీలో కలుపుతోంది. దుంపలు పచ్చివి పచ్చిగానే ఉన్నాయి. సాక్ష్యాన్ని వదిలి వెళ్ళడానికి ధైర్యం చాలక, జాడీని కౌగిలించుకుని కిందికి దిగింది. సరిగ్గా అప్పుడే సారు కారు వచ్చి ఆగింది.

"అందరూ పాస్‌పోర్టులు పట్టుకుని పరిగెడితే, నువ్వు మా నాయనమ్మ జాడీని కాపాడావా!" సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుల్లబ్బాయి ఆకాశంలోకి చూశాడు.

సారు తల్లి హిల్డాగారు ఆకలి మీద ఉన్నారు. పచ్చిక మీదే కూర్చుని, విమానంలో దాచుకున్న బన్ను తీసి, జాడీ మూత తెరిచారు. ఎర్రగా ఉంది. అయినా నోట్లో పెట్టుకున్నారు. ముక్కు కూడా ఎర్రబడింది.

"తప్పు నాదేనండీ! తడి చెయ్యి పెట్టి చెడగొట్టేశానండీ! పారేసి ఇది కలిపానండీ!" లోవమ్మ బావురుమంది.

"కానీ అది చెడలేదు! అది అలాగే ఉండాలి!" సారు తల పట్టుకున్నాడు.

"అదేరా దాని జబ్బు," అన్నారు హిల్డాగారు కళ్ళు తుడుచుకుంటూ. "నలభై ఏళ్ళు మా అత్తగారి క్యాబేజీ భయంతో తిన్నాను. ఈమెని పంపించావంటే నేనూ అదే విమానం ఎక్కేస్తాను." అని ఇంకో బన్ను అడిగారు.

ఆవిడ వెళ్ళేటప్పుడు లోవమ్మ దగ్గర కలపడం నేర్చుకుని మరీ వెళ్ళారు. ఆ ఏడు లిండెన్‌బర్గ్ ఉత్సవంలో ఊరిన క్యాబేజీ పోటీకి మొదటి బహుమతి ఆవిడ జాడీకే వచ్చింది. తాతల నాటి అసలు జర్మన్ రుచి ఇన్నాళ్ళకి దొరికిందని న్యాయనిర్ణేతలు ఒకరి తర్వాత ఒకరు మంచినీళ్ళు తాగుతూ ప్రకటించారు.