కేకు మీద సముద్రం

శుక్రవారం ఉదయం బెహ్రంగ్ నిద్ర లేచేసరికి ఆ రోజు పథకం అతని బుర్రలో చక్కగా సిద్ధంగా ఉంది. గడ్డం గీసుకోవాలి, హైదర్ మిఠాయి కొట్లో కేకు తీసుకోవాలి, సాయంత్రం అమ్మనీ మామయ్యనీ వెంటబెట్టుకుని కెప్టెన్ తంగెస్తానీ ఇంటికి వెళ్లి, ఆయన కూతురు షొకూఫేని తనకిమ్మని అడగాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అంటారు. బెహ్రంగ్ కూడా ఈల వేసుకుంటూ అదే అనుకున్నాడు.

కెప్టెన్ గారి సంగతి బూషెహ్ర్ ఊరందరికీ తెలుసు. జీవితమంతా ఓడలు నడిపి ఒడ్డుకు చేరిన మనిషి. ఊరి ముందున్న నీళ్లను పర్షియన్ గల్ఫ్ అని కాకుండా అరేబియన్ గల్ఫ్ అన్నవాణ్ణి ఆయన గుమ్మం ఎక్కనివ్వడు. అవతలి ఒడ్డున, దుబాయ్ వైపు వేసే పటాల్లో ఆ రెండో పేరే ఉంటుంది. ఇవతలి ఒడ్డున అలాంటి పటం ఒకటి దొరికితే దాన్ని చించేదాకా ఎవరికీ అన్నం సహించదు. చేపలు మాత్రం ఏ పేరూ పట్టించుకోకుండా రెండు ఒడ్ల వలల్లోనూ సమానంగా పడుతుంటాయి.

కిందటేడు షొకూఫేని చూడవచ్చిన ఒక ఇంజినీరు టీ తాగుతూ, "ఈసారి గల్ఫ్‌లో ఎండలు దంచేస్తున్నాయండీ" అన్నాడు. "ఏ గల్ఫ్?" అని అడిగాడు కెప్టెన్. పాపం ఆ అబ్బాయికి ప్రశ్నే అర్థం కాలేదు. అతనికి రెండో కప్పు టీ రాలేదు, రెండో పిలుపూ రాలేదు.

ఇదంతా తెలుసు గనకే బెహ్రంగ్ తన తెలివంతా ఉపయోగించాడు. అతను దుబాయ్‌లో ఒక సరుకు రవాణా ఆఫీసులో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చేముందు ఆఫీసు గోడ మీదున్న పెద్ద సముద్ర పటాన్ని ఫోన్లో ఫోటో తీసి, కేకు మీద అచ్చు వేయమని హైదర్‌కి పంపాడు. ఆ సంగతి షొకూఫేకి చెప్పాడు. షొకూఫే మురిసిపోయి నాన్నకు చెప్పింది. నాన్న మురిసిపోయి వీధి వీధంతా చెప్పాడు.

కొట్లోకి అడుగు పెట్టగానే హైదర్ అతన్ని లోపలికి లాగి షట్టర్ సగం దించేశాడు.

"బాబూ, మీ నాన్నకీ మా నాన్నకీ పాత పగలేమైనా ఉన్నాయా?"

"అదేంటన్నా?"

"అయితే నా కొట్టు తగలబెట్టించాలని ఎందుకు చూస్తున్నావు?" అంటూ హైదర్ పెట్టె మూత తీశాడు.

కేకు మీద సముద్రం నీలంగా నిగనిగలాడుతోంది. తీరం వంపులు, రేవులు, అన్నీ కుదిరాయి. నట్టనడిమిన, పెళ్లి పందిట్లో దొంగ నిలబడ్డంత దర్జాగా, 'అరేబియన్ గల్ఫ్' అన్న అక్షరాలు నిలబడి ఉన్నాయి. ఆ గోడ పటాన్ని రోజూ చూసీ చూసీ దాని మీది రాతలు బెహ్రంగ్ కళ్లకు ఆనడం ఎప్పుడో మానేశాయి.

"మరి అచ్చు వేసేటప్పుడు నువ్వైనా చూసుకోవద్దా అన్నా!"

"వేసింది మా అల్లుడు. వాడి కళ్లు ఫోన్లోంచి బయటికొస్తే కదా! ఇంకోటి వేద్దామంటే అచ్చు కాగితం అయిపోయింది. శుక్రవారం సెలవు పూట కాగితాల కొట్టు ఎవడు తెరుస్తాడు?"

"పోనీ, మామూలు మిఠాయి ఏదైనా ఇవ్వు."

"ఇస్తా. సముద్రం కేకేదని కెప్టెన్ గారు అడిగితే ఏం చెప్తావు? పొద్దున్నుంచి ఆయన నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు, సముద్రానికి నీలం సరిగ్గా పడిందా అని."

ఇద్దరూ తలలు పట్టుకుని ఆలోచించారు. గల్ఫ్ అన్న మాటతో ఎవరికీ పేచీ లేదు, పేచీ అంతా దాని ముందు మాటతోనే. హైదర్ ఆ మాట మీద గరిటెడు క్రీము వేసి, పైన గుప్పెడు పిస్తా పొడి జల్లాడు. చూడ్డానికి అచ్చం పచ్చటి దీవిలా ఉంది. "ఎవరైనా అడిగితే కొట్టు పేరు చెప్పకు" అని బతిమాలి అతన్ని సాగనంపాడు.

ఇంటికి వచ్చాక అమ్మ ఇఫ్ఫత్ ఖానుం పెట్టె తెరిచి చూసి, "నడి సముద్రంలో ఈ గుట్టేంట్రా?" అంది. కొడుకు నిజం కక్కేశాడు. ఆవిడ నెత్తి బాదుకుంది. మామయ్య ఖలీల్ మాత్రం నవ్వాడు.

"దీనికింత కంగారెందుకు అక్కా? వచ్చిన మగవాళ్లలో పెద్దవాణ్ణి నేనే. పిస్తాలున్న మంచి ముక్క నాకే పెడతారు. గుటుక్కున మింగేస్తా. పీడా పోతుంది."

"మింగుతావుగా?"

"కేకు తినడం కూడా నేర్పిస్తావా నాకు!"

సాయంత్రం కెప్టెన్ గారింట్లో కేకు కోసం బల్ల ఖాళీ చేసి తెల్లటి గుడ్డ పరిచి ఉంచారు. మూత తీయగానే కెప్టెన్ కళ్లు చెమర్చాయి. "పర్వానే, ఇలా రా, చూడు" అని భార్యను పిలిచి, వేలితో తీరం వెంట ఓడ నడుపుతున్నట్టు వెళ్లాడు. "ఇదిగో మన బూషెహ్ర్. ఇక్కడే ఆ ఏడు తుపానులో చిక్కుకున్నాం." వేలు అలా అలా వెళ్లి పిస్తా గుట్ట దగ్గర ఆగింది. "ఇదేమిటి?"

"దీవండీ" అన్నాడు ఖలీల్.

"ఏ దీవి?"

"ఖార్గ్ అండీ." ఆయనకు నోటికొచ్చిన పేరు అదొక్కటే.

"ఖార్గ్ మన ముంగిట్లో ఉంటుంది కదయ్యా! నడి సముద్రంలోకి ఎలా కొట్టుకుపోయింది?"

"దారిలో గుంతలు ఎక్కువండీ. కారు కుదుపులకి జరిగుంటుంది."

కెప్టెన్ అనుమానంగా చూశాడు. "దీవిని అలా వదిలేస్తే ఎలా? పర్వానే, ఒక చెంచా ఇటివ్వు. దాని చోటికి దాన్ని జరిపేస్తా."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏసీ ఒకసారి మూలిగి ఆగిపోయింది. బూషెహ్ర్ వేసవిలో ఏసీ లేని గదిలో మనిషే కరుగుతాడు, క్రీము ఒక లెక్కా? దీవి ఒక పక్కకి ఒరగడం అందరికంటే ముందు ఇఫ్ఫత్ ఖానుం చూసింది.

"కోసేద్దామండీ, కోసేద్దాం! పాడైపోతుంది!"

పర్వానే ఖానుం గబగబా ముక్కలు కోసింది. అందరూ అనుకున్నట్టే పిస్తాలున్న ముక్కను పళ్లెంలో పెట్టి ఖలీల్‌కి అందించింది. ఖలీల్ పళ్లెం అందుకున్నాడు, చెంచా ఎత్తాడు. అంతలో, అమ్మ పొత్తిళ్లలో ఉన్ననాటి నుంచి అలవాటైన నాలుక ఆయన్ని అడక్కుండానే కదిలింది.

"మీరుండగా ముందు నేనా? ఎంతమాట! మీరు తీసుకోండి కెప్టెన్ గారూ!"

బల్ల కింద నుంచి బెహ్రంగ్ తన్నిన తన్ను ఆయనకు ఆలస్యంగా తగిలింది. కెప్టెన్ తక్కువ తిన్నాడా? "అతిథులు మీరు! ముందు మీ అక్కగారు తీసుకోవాలి" అని పళ్లెం ఇఫ్ఫత్ ఖానుం చేతిలో పెట్టాడు. ఇఫ్ఫత్ ఖానుం గబుక్కున నోరు తెరిచింది. తెరిచింది తినడానికే. బయటికి వచ్చింది మాత్రం, "అయ్యో, ఇంత కష్టపడి కోసింది పర్వానే గారు! ఆవిడ తినకుండా నాకు గొంతు దిగుతుందా?" అన్న మాట. పర్వానే ఖానుం సిగ్గుపడిపోయి, "పిల్లాడు ఎండనపడి వచ్చాడు, పిల్లాడికి పెడదాం" అంటూ పళ్లెం తెచ్చి బెహ్రంగ్ ఒళ్లో పెట్టింది.

ఇంతమంది చేతులు మారేసరికి క్రీము కారిపోయి, పిస్తాలు పక్కకి జారి, 'అరేబియన్' అన్న మాట నీళ్లలోంచి మొసలి లేచినట్టు పైకి తేలింది. ముక్క తన చేతిలోనే ఉంది. ఎవరూ చూడలేదు. నోట్లో వేసుకుంటే షొకూఫే తనది. బెహ్రంగ్ పళ్లెం ఎత్తాడు, వినయంగా నవ్వాడు.

"నాకెందుకండీ! పెద్దవారు, మీరు తీసుకోండి కెప్టెన్ గారూ" అన్నాడు.

అన్న తరువాతే తనేం అన్నాడో అతనికి వినిపించింది.

ఇక కాదంటే మర్యాద కాదని కెప్టెన్ పళ్లెం తీసుకున్నాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. మెడ నుంచి మొదలైన ఎరుపు నుదురు దాకా పాకింది.

"ఇది నా ఇంట్లోకి ఎవరు తెచ్చారు?"

ఖలీల్ ఏదో దీవి సంగతి మొదలుపెట్టబోయాడు. బెహ్రంగ్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇప్పుడు అబద్ధమాడితే షొకూఫే ముఖం ఇంకెప్పుడూ చూడలేననిపించింది.

"నేనేనండీ. మా ఆఫీసు గోడ మీది పటం అది. చూసుకోకుండా పంపేశాను. పొద్దున చూసుకుని క్రీము పూయించాను. హైదర్ తప్పేం లేదు, మావాళ్ల తప్పూ లేదు. మిమ్మల్ని సంతోషపెడదామనే వేయించానండీ, ఒట్టు."

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. "ఖలీల్ గారూ, ఇఫ్ఫత్ గారూ, మీ మీద నాకు కోపం లేదు. చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి."

ఇంతలో టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడిపోయిన షొకూఫే దాన్ని కింద పెట్టి, తిన్నగా నాన్న దగ్గరికొచ్చి ఆయన చేతిలోని ముక్క లాక్కుంది. ఎవరినీ తినమనలేదు, ఎవరినీ అడగలేదు. నిలబడే, చెంచా కూడా లేకుండా, మొత్తం నోట్లో కుక్కుకుంది. బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి. నమిలి, మింగి, మూతి తుడుచుకుంది.

"ఆ మాట ఇప్పుడీ ఇంట్లో ఎక్కడా లేదు నాన్నా. కావాలంటే వెతుక్కోండి. వచ్చినవాళ్లు వచ్చిన పని మాట్లాడనివ్వండి."

పర్వానే ఖానుం చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. కెప్టెన్ ముఖంలోని ఎరుపంతా దిగిపోయి తెల్లగా పాలిపోయింది. తన ఇంట్లో, తన కూతురు, అతిథుల ముందు, ఒక్కరినైనా తినమనకుండా ముక్కంతా మింగేసింది! పటం, గల్ఫ్, గోడ, దుబాయ్, అన్నీ ఆయన బుర్రలోంచి ఎగిరిపోయాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని నడుం వంచాడు.

"క్షమించాలి! మీ ముందు పెట్టిన ముక్క... మా పిల్ల ఎన్నడూ ఇలా... నా పరువు పోయింది ఇఫ్ఫత్ గారూ. కూర్చోండి, దయచేసి కూర్చోండి. ఈ తప్పు ఎలా దిద్దుకోను? ఏం కావాలో అడగండి."

"మాకేం కావాలండీ? మీ అమ్మాయిని అడుగుదామనే కదా వచ్చాం" అంది ఇఫ్ఫత్ ఖానుం.

ఈసారి జారింది కెప్టెన్ నాలుక. "అయ్యో, అదెంత మాట! మీ ముందు దానికేం విలువ? అది మీదే అనుకోండి!"

ఈ మాట ఆ ఊళ్లో కలం మెచ్చుకుంటే కలానికీ అంటారు, తివాచీ మెచ్చుకుంటే తివాచీకీ అంటారు. విన్నవాళ్లు చేతులు అడ్డంగా ఊపి, అబ్బే వద్దండీ అనాలి. కెప్టెన్ ఆ 'వద్దండీ' కోసం చిరునవ్వుతో ఎదురుచూశాడు. పుట్టి బుద్ధెరిగాక, ఇచ్చినదాన్ని మొదటిసారే పుచ్చుకోని ఇఫ్ఫత్ ఖానుం ఒకసారి కొడుకు వైపు చూసింది, ఒకసారి క్రీము అంటుకున్న షొకూఫే మూతి వైపు చూసింది.

"సరేనండీ. తీసుకుంటాం" అంది.

ఇచ్చిన మాటను వెనక్కి తీసుకునే మర్యాద కెప్టెన్‌కి ఎవరూ నేర్పలేదు. బెహ్రంగ్‌కి పట్టలేనంత సంతోషంతో నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. షొకూఫే టీ అందిస్తూ, "ఈసారికి కాదనకుండా తాగు" అని అతని చెవిలో గొణిగింది.

పెళ్లి కార్డు వెనక హాలుకు దారి చూపే పటం దగ్గరుండి వేయించింది కెప్టెన్ గారే. అందులో సముద్రం పేరు ఎంత పెద్దగా పడిందంటే, హాలు ఎక్కడో చూపించడానికి చోటు మిగల్లేదు.