ఏడో నెల కేకు

పొద్దున లేవగానే జాషువా ఫోన్‌లో తేదీ చూసుకున్నాడు. సెప్టెంబరు పన్నెండు. ఆగస్టు పన్నెండును అతను మరిచిపోయాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో కూరలు బాగానే ఉన్నాయి గాని, వడ్డించిన మనిషి మాట్లాడలేదు.

అతనికీ దీవెనకూ ఫిబ్రవరి పన్నెండున పెళ్లయింది. ప్రతి నెలా పన్నెండో తేదీని పండగలా చేసుకోవాలని దీవెన పట్టుదల. ఏడాదికి ఒకసారి చాలని జాషువా వాదం.

"నెలనెలా చేసేదానికి పెళ్లేమన్నా కరెంటు బిల్లా?" అని అతను అడిగాడు.

"ఏడాదికొకసారి చేసేదానికి ఇంటి పన్నా?" అని ఆమె అడిగింది.

దీవెన మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఆ స్కూల్లో లేరు, ఇంట్లోనూ లేరు. అందుకని జాషువా ఈసారి వాదన మానేసి, ఒక ప్లాను వేసుకున్నాడు. పనికి పోతూ బేకరీలో కేకు చెప్పాలి. దాన్ని ఇంటి ఓనరు కొండమ్మకు అందించమనాలి, ఆమెకు ఫ్రిజ్ ఉంది గనక. సాయంత్రం ఆరింటికి తను ఇంటికి చేరాలి. దీవెనకు ముందుగా ఏమీ తెలియకూడదు.

బేకరీలో శివకృష్ణకు ఒక కాగితం ఇచ్చాడు. దాని మీద "దీవెనకు, మన పెళ్లై ఏడో నెల సందర్భంగా, ప్రేమతో శుభాకాంక్షలు" అని రాసి ఉంది. శివకృష్ణ కాగితాన్ని చూశాడు, అరకిలో కేకును చూశాడు.

"అన్నా, దీని మీద ఇంత రామాయణం పట్టదు."

"పట్టినంత రాయి తమ్మీ" అని జాషువా బండి స్టార్ట్ చేశాడు.

శివకృష్ణ పట్టినంతే రాశాడు. "దీవెనకు ఏడో నెల శుభాకాంక్షలు." రాశాక ఒక మూల కొంచెం చోటు మిగిలింది. మంచి మనసున్నవాడు గనక, అక్కడ గులాబీ రంగు క్రీముతో చిన్న ఉయ్యాల వేశాడు. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు.

పదకొండు గంటలకు కేకు కొండమ్మకు చేరింది. ఫ్రిజ్‌లో ఏ వైపు పెడితే పడుతుందో చూద్దామని ఆమె మూత తీసింది. ఏ వైపు పెట్టినా పట్టేది. ఆమె ఆ అక్షరాలను ఒకసారి, ఉయ్యాలను రెండుసార్లు చూసి, వెంటనే జాషువా తల్లి యేసుమణికి ఫోన్ చేసింది. కొనకనమిట్ల దాటాక ఒక పల్లెలో, మిరప చేలో నాట్లు వేస్తూ యేసుమణి బురద చేత్తోనే ఫోన్ ఎత్తింది.

"ఏంది వదినా, కోడలికి ఏడో నెల పడితే ఒక్క మాటన్నా చెప్పొద్దా? మేం పరాయోళ్లమా?"

యేసుమణి ఆ మాట వినడం అదే మొదటిసారి. అయినా తనకే తెలియదని ఇంటి ఓనరు దగ్గర ఒప్పుకోవడం ఎలా?

"నేనే చెప్పొద్దన్నా వదినా. దిష్టి తగుల్తదని" అంది.

ఫోన్ పెట్టేసి గట్టు మీద కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టింది. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు. లెక్క చక్కగా సరిపోయింది. సన్నటి పిల్లలకు కడుపు కనపడదని ఎక్కడో విన్నది. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చింది. పోయిన నెల వచ్చినప్పుడు దీవెన బోరింగు దగ్గర నుంచి రెండు బిందెల నీళ్లు మోసింది. తను అరుగు మీద కూర్చుని చూసింది.

ఆమె పని వదిలి ఇంటికి పోయి భర్త కృపావరానికి చెప్పింది. కృపావరం మాటలు తక్కువ మనిషి. ఫోన్‌లో ఇంకా తక్కువ. పైగా ఇలాంటి సంగతులు కొడుకుతో విడమరిచి మాట్లాడటం ఆయనకు సిగ్గు.

"విషయం తెలిసింది" అన్నాడు ఫోన్‌లో.

పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ల పక్కన నిలబడి ఉన్న జాషువా తన వేలికున్న కట్టు వైపు చూసుకున్నాడు. మొన్న పలక అంచు తగిలి చూపుడు వేలు తెగింది. ఎవరో చెప్పేసినట్టున్నారు.

"మీరు కంగారు పడతారని చెప్పలేదు నాయనా."

"డాక్టరుకు చూపించినావా?"

"చూపించినా. కుట్లు అక్కర్లేదన్నాడు."

"అంటే నార్మలే."

"నార్మలే నాయనా. మొన్న రక్తం శానా పోయింది గాని, ఇప్పుడు ఆగింది."

"ఇంక ఎన్ని రోజులంట?"

"పది రోజులన్నాడు. ఇంకా ముందే అయిపోయినా అయిపోవచ్చంట."

"దీవెన యాడుంది?"

"బడికి పోయింది. ఇంట్లో ఉండి చేసేదేముంది, నేనే పొమ్మన్నా."

ఫోన్ కట్టయింది. నాయన ఎప్పుడూ అంతే గనక జాషువా మళ్లీ పనిలో పడ్డాడు. అక్కడ కృపావరం చెమట తుడుచుకుని భార్యతో, "పది రోజులంట. రక్తం పోయిందంట. నీ కొడుకు బడికి పంపినాడు" అన్నాడు. అది ఆ ఏడాదిలో ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. చర్చి అయ్యగారు పాల్ రాజు స్త్రీల సమాజాన్ని పిలిచాడు. రెండు ఆటోలు కట్టుకుని పదమూడు మంది బయలుదేరారు. యేసుమణి పెట్టెలో నుంచి రెండు పాత నూలు చీరలు తీసింది. పుట్టబోయే బిడ్డకు మెత్తగా ఉంటాయని, ఆటోలో దారి పొడుగునా వాటిని గుడ్డ ముక్కలుగా చింపుకుంటూ, ప్రార్థన చేసుకుంటూ వచ్చింది.

దీవెన నాలుగున్నరకు స్కూలు నుంచి వచ్చేసరికి కొండమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చి చేతిలోని సంచి లాక్కుంది.

"మెట్లు ఎక్కొద్దు. ఈడనే కూర్చో తల్లీ."

కుర్చీ వేసింది. కాళ్ల కింద పీట పెట్టింది. ఇదంతా భర్త ఏర్పాటు చేశాడని దీవెన అర్థం చేసుకుంది. పీట కొంచెం ఎక్కువనిపించింది గాని, పోయిన నెల మరిచిపోయినందుకు ఆమాత్రం చేయాల్సిందే. ఐదున్నరకు రెండు ఆటోలు వచ్చి ఆగి, అత్తమామలు, అయ్యగారు, పది మంది ఆడవాళ్లు దిగితే ఆమెకు కళ్లు చెమర్చాయి. పెళ్లైన ఏడో నెలకే ఊరంతా కదిలి వచ్చిందంటే మాటలా?

"నిజంగా ఇంత చేస్తాడనుకోలేదు అత్తమ్మా" అంది.

"వాడు చేసింది చాల్లే" అంది యేసుమణి పళ్లు బిగించి.

జాషువా ఆరింటికి వచ్చాడు. ఇంటి ముందు ఆటోలు, లోపల పాటలు, గుమ్మం నిండా చెప్పులు. ఎవరో పోయారనుకున్నాడు. లోపలికి తొంగిచూశాడు. మధ్యలో దీవెన కుర్చీలో, చేతుల నిండా కొండమ్మ వేసిన గాజులతో, ముందు కేకుతో కూర్చుని ఉంది. పాల్ రాజు అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాడు.

"ప్రభువా, పది రోజులంటున్నారు. నీకు సమస్తం సాధ్యం. ఈ బిడ్డ గర్భంలోని శిశువును నెలలు నిండేదాకా కాపాడు తండ్రీ."

ఆ గదిలో కళ్లు తెరిచింది దీవెన ఒక్కతే. తెరిచి, గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు చూసింది. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ని చూసే చూపు అది.

ఆమెన్ అన్నాక కృపావరం కొడుకు చేతి వైపు చూశాడు. "వేలికి ఏందది?"

"అదే కదా నాయనా మీరు ఫోన్‌లో అడిగింది."

కృపావరం కట్టును చూశాడు, కేకును చూశాడు, భార్యను చూశాడు. మెల్లగా వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

"మరి ఏడో నెల ఏంది?" అని యేసుమణి అడిగింది.

"మా పెళ్లై ఏడో నెల అత్తమ్మా" అంది దీవెన.

"పెళ్లికి నెలలుంటయా?"

వచ్చిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కొంగులు సర్దుకున్నారు. యేసుమణి ఒడిలోని గుడ్డ ముక్కల్ని ఒక్కొక్కటే మడత పెట్టడం మొదలుపెట్టింది. నాలుగు మడిచాక చేతులు ఆగిపోయాయి. దీవెన కుర్చీ దిగి, ఆమె పక్కన నేల మీద కూర్చుని మిగిలినవి మడిచింది.

"ఇవి నా దగ్గరే ఉంచుకుంటా అత్తమ్మా. ఎప్పటికైనా కావాల కదా."

యేసుమణి ముక్కు తుడుచుకుంది. కాసేపు కేకు వైపు చూస్తూ ఉండి, భర్త వైపు తిరిగింది.

"మన పెళ్లి ఏ తేదీన అయింది?"

కృపావరం గోడకు ఇంకా గట్టిగా ఆనుకున్నాడు. "నాట్లప్పుడు" అన్నాడు.

"ఏ నాట్లు?"

"మిరప నాట్లు."

"ముప్పై ఒక్క ఏండ్లయింది. ఒక్కసారన్నా ఇదీ రోజు అన్నావా? వీడు నెలనెలా గుర్తు పెట్టుకుంటాండాడు. వేలు తెగినా కేకు చెప్పినాడు."

నెలనెలా గుర్తు పెట్టుకునే విషయంలో జాషువా నోరు మెదపలేదు. పాల్ రాజు అయ్యగారు గొంతు సవరించుకుని, మిరప నాట్లంటే ఇవే రోజులు గనక ఈ రోజే అనుకోవడంలో తప్పు లేదన్నాడు. కొండమ్మ పరుగున వెళ్లి చాకు తెచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత కృపావరం, యేసుమణి ఒకే చాకు పట్టుకుని అరకిలో కేకును పదహారు ముక్కలు చేశారు. ఉయ్యాల ఉన్న ముక్క ఎవరు తినాలో తెలియక చాలాసేపు ప్లేటులోనే ఉండిపోయింది. చివరికి అయ్యగారు తిన్నాడు.

అక్టోబరు పదకొండున జాషువా భయపడుతూనే కేకు మాట ఎత్తాడు. దీవెన పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏం వద్దు. ఏడాదికొకసారి చాలు. ఫిబ్రవరిలో చూద్దాం."

వాదించకుండానే గెలిచినందుకు జాషువాకు ఎలా సంతోషపడాలో తెలియలేదు. అప్పుడే తండ్రి నుంచి ఫోన్ వచ్చింది.

"రేపు పన్నెండు" అన్నాడు కృపావరం నీరసంగా. "కేకు పట్టుకుని రా. కిలోది."

"నెలనెలా చేయమంటాందా నాయనా?"

గడిచిపోయిన ముప్పై ఒక్క ఏళ్లను దృష్టిలో పెట్టుకుంటే, నెలకు ఒకసారి చాలదని యేసుమణి అభిప్రాయం.