అసలు రక్తం, నకలు రక్తం

మనిషి రక్తం సర్కారు యంత్రానికి అర్థమయ్యేలా ప్రవహించాలి. అలా ప్రవహించకపోతే తప్పు రక్తానిదే. ఇబాదాన్ నగరంలో ఈ సూత్రం ఏ చట్టంలోనూ లేదు. అందుకే అందరూ పాటిస్తారు (చట్టంలో రాసినవాటిని ఎవడు పాటించాడు గనక).

టాక్సీ డ్రైవర్ ఫోలోరున్షోకి దాహం పట్టుకుంది. సీసాలకు సీసాలు తాగడం, ప్రతి కూడలిలోనూ బండి ఆపి గోడ వెతుక్కోవడం. ఆయన ఒంటేలు పోసి లేచిన చోట చీమలు బారులు తీరేవి. ఈమధ్య ఎదురొచ్చే బస్సు నంబరు కూడా కళ్ళకు ఆనడంలేదు. కళ్ళు పోతే బండి పోతుంది. బండి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఉచిత చక్కెర మందుల కార్యాలయంలోని యంత్రం మూడు నెలల చక్కెర జాతకం ఒక్క చుక్కలో చెబుతుంది. అది ఫోలోరున్షో రక్తం మింగి, చాలాసేపు ఆలోచించి, ఖాళీ కాగితం కక్కింది.

"ఖాళీ అంటే ఏంటి మేడమ్?"

"ఖాళీ అంటే సున్నా," అంది ముఖ్య చక్కెర అధికారిణి శ్రీమతి ఒగుంతోలా (ఆమె కింద ఉప చక్కెర అధికారి, ఆయన కింద ఒక కుర్చీ). "నీ అంత ఆరోగ్యవంతుడు ఈ ఊళ్ళో లేడు బాబా. ఇంటికి పో."

"మరి చీమలు?"

"చీమల ఫిర్యాదులు ఈ విభాగం తీసుకోదు."

భార్య మోరౌన్‌కె పెట్టె అడుగు నుంచి పెళ్ళినాటి జీనోటైప్ కార్డు తీసింది. ఆ ఊళ్ళో పాస్టరు ఉంగరాల కంటే ముందు రక్తం రకం చూస్తాడు. ఆమెది ఏఏ. ఆయనది సీసీ: తల్లి ఇచ్చిన సి ఒకటి, తండ్రి ఇచ్చిన సి ఒకటి.

"మా నర్సు అక్క చెప్పింది, ఆ యంత్రం రక్తంలో 'ఏ' రకానికి అంటుకున్న చక్కెరనే కొలుస్తుందట. నీలో 'ఏ' ఉంటేగా! లేని ఇంటి తలుపు కొట్టి, లోపల ఎవరూ లేరని రాసుకుపోయింది."

ఫోలోరున్షో కార్డు పట్టుకెళ్ళాడు. శ్రీమతి ఒగుంతోలా కళ్ళద్దాలు సర్దుకుంది.

"సీసీ అంటే కార్బన్ కాపీ, నకలు. నేను పుట్టెడు ఉత్తరాల అడుగున రాశాను, నాకు చెబుతావా? నకలు రక్తానికి మందు ఇవ్వడం కుదరదు. అసలు పట్టుకురా."

"నాకున్నది ఇదే తల్లీ! పోనీ, వేలు పొడిచి చూడండి."

"వేలు ఈ పూట సంగతే చెబుతుంది. సర్కారుకు మూడు నెలల సంగతి కావాలి. అసలు ఎవరి దగ్గరుందో కనుక్కో."

పక్కింటి అల్హాజీ కెలానీ దగ్గర ఉంది. ఏఏ రక్తం, దాన్నిండా చక్కెర.

"రక్తమేగా అడిగావు, నా మోటారుసైకిల్ అడగలేదుగా! పద," అన్నాడు అల్హాజీ.

పేరు ఫోలోరున్షోది, చుక్క అల్హాజీది. యంత్రం పదకొండు అంది (ఆరున్నర దాటితే జబ్బే). "చూశావా, అసలు తెస్తే ఎంత తేలికో!" అని శ్రీమతి ఒగుంతోలా మురిసిపోయి, అల్హాజీ జబ్బ మీద 'అసలు' అని ముద్ర గుద్దింది. మందు వచ్చింది. చీమలు పలచబడ్డాయి. బస్సు నంబర్లు మళ్ళీ కనిపించాయి.

వచ్చిన చిక్కల్లా, పదకొండు అంకె అల్హాజీ కూడా చూడటమే. ఆ భయంతో చక్కెర జావ మానేశాడు, అమాలా ముద్ద సగానికి కోశాడు, మసీదుకు నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. మూడు నెలల తర్వాతి పరీక్షలో ఆయన చుక్కకు అయిదున్నర వచ్చింది. ఫోలోరున్షోకి జబ్బు నయమైందని కార్యాలయం తీర్మానించి మందు ఆపేసింది.

"అల్హాజీ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క గిన్నె జావ తాగండి!"

"ఓరి నీ దుంపతెగ! నువ్వు బతకడానికి నేను చావాలంట్రా?"

నెల తిరక్కుండా చీమలు తిరిగొచ్చాయి. వాటి వెనకే సర్కారు నుంచి అభినందన పత్రం వచ్చింది. ఫోలోరున్షో దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు, చెయ్యి చాచి చూశాడు, అక్షరం ఆనలేదు. మోరౌన్‌కె చదివి వినిపించింది. సంపూర్ణ ఆరోగ్యం సాధించినందుకు మిమ్మల్ని చూసి నగరం గర్విస్తోంది, అని ఉంది.

అడుగున సీసీ అని ఉంది. అసలు ఎవరికి పోయిందో రాయలేదు.