శేషప్ప చేనిలో నా మట్టి

"మట్టి జాతి సంపద. ఒక్క పిడికెడు కూడా జారనివ్వం!" అని మా పంచాయతీ ప్రెసిడెంటు శేషప్ప ప్రకటించిన రోజున నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. కొట్టక తప్పదు. జారేది నా మట్టే.

కొండ వాలులో నాకు మూడెకరాల కొర్రచేను ఉంది. నాకున్నది అదొక్కటే. దాని కింద, ఎమ్మిగనూరు బాట పక్కన, శేషప్ప చేను. వాన పడితే కొండ మీది నీళ్లు నా చేనుమీదుగా దిగుతాయి. వట్టి చేతులతో దిగవు.

వాన నీళ్లకు అడ్డుకట్టలు వేయించడానికి బ్లాకు ఆఫీసరు జీపులో వచ్చారు. నేనే వెళ్లి అడిగాను.

"సారూ, నీళ్లు పుట్టేది పైన. ఆడ మొదులుపెట్టి ఒగో కట్ట ఏసుకుంటా కిందికి రాండి. నీళ్లు నిదానంగా ఇంకుతాయి, యాడి మట్టి ఆడే ఉంటాది."

ఆయన పటం విప్పారు. "కొండ పైభాగం నందవరం వాళ్లదమ్మా. మన పరిధి ఈ సరిహద్దు రాయి వరకే."

"ఆ రాయి సంగతి వానకు తెల్దు గద సారూ."

"ఉత్తరం రాస్తాం" అన్నారు గంభీరంగా. నందవరానికా, వానకా అన్నది చెప్పలేదు.

శేషప్ప నవ్వాడు. "తిమ్మక్కా, పెద్దోళ్లు జీపుల్లో పోతా సూసేది బాట పక్కనే. నీ గుట్టెక్కి ఎవురు సూస్తారు?"

అలా మంజూరైన ఒకే ఒక కట్ట శేషప్ప చేని కింద, బాట పక్కన లేచింది. దాని రాళ్లకు సున్నం కూడా కొట్టారు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాన దంచింది. నా చేను మోకాటి లోతు కోసుకుపోయింది. మొలిచిన కొర్ర మట్టితో సహా దిగి, ఆ కట్ట దగ్గర ఆగింది. నిజం చెప్పాలి, కట్ట చాలా గట్టిది.

ఆ ఏడు శేషప్ప జొన్న మనిషెత్తు పెరిగింది. మట్టిని కాపాడిన రైతుగా అతనికి ఆదోనిలో శాలువా కప్పారు. న్యాయమే. వాలులో ఉన్న మా అందరి మట్టీ అతని దగ్గరే భద్రంగా ఉంది.

పంట కోశాక ఊళ్లో సభ పెట్టి, శాలువా తీయకుండానే మాట్లాడాడు. "మట్టి ఒకర్ది కాదు, అందర్దీ. ఆడోళ్లు గూడా ముందుకు రావాల. రేపు ఆఫీసరు సారు మన కట్టకు ఫొటో తీపిచ్చేకి వస్తాండారు."

మరునాడు నేను, నాలాగే వాలులో చేలున్న హులిగెమ్మ, లక్ష్మమ్మ గంపలు, పారలతో అతని చేనిలోకే ముందుకు వచ్చాం.

శేషప్ప పరిగెత్తుకొచ్చాడు. "ఏంది తిమ్మక్కా ఇది?"

"అందర్దీ అంటివి గదప్పా. నా వంతు మోసుకోని పోతాండా."

"ఇది నా సర్వే నంబరు. పార ఏస్తే కేసు పెడతా."

అంతలో జీపు ఆగింది. ఆఫీసరు మా గంపలు చూసి మురిసిపోయారు.

"మహిళల శ్రమదానం! ప్రెసిడెంటు గారూ, మీరే స్వయంగా గంప ఆమె తలకెత్తండి. ఫొటో బాగుంటుంది."

నేను పార వేసి గంప నింపాను. శేషప్ప శాలువా సర్దుకుని, నవ్వు తెచ్చుకుని, నా మట్టి గంప ఎత్తి నా నెత్తిన పెట్టాడు.

ఎండ కళ్లలో పడి ఫొటో సరిగా రాలేదన్నారు. ఇంకో ఆరు గంపలు ఎత్తాడు.