నట్టింట్లో పడవ

మంగళవారం పొద్దున టైలరు మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్నయ్య డ్యూటీకి వెళ్లాలి, వదిన బజారుకు బయలుదేరాలి, తన భార్య క్లినిక్కుకు పోవాలి. ఇల్లు ఖాళీ అవగానే తానొక పడవను ఎంచుకుని, షాపుకు ఫోను చేసి చెప్పేసి, పదకొండింటికల్లా వీధి చివరి కొట్టు తెరవాలి. ఇందులో ఇల్లు రెండు ముక్కలు కావలసిన అవసరం ఎక్కడా లేదు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. వీధి గుమ్మంలోంచి నేరుగా చిన్న హాలు, దాని చివర వంటిల్లు, పక్కన చెరో గది. అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై ఆరేళ్లు పెద్ద పెద్ద భవనాల చీకటి గోతుల్లో గ్రీజు పూసుకుని బతికిన మనిషి ఈ శనివారం రిటైరవుతున్నాడు. నాన్న పోయాక మాస్టరును పెంచిందీ, చేత కత్తెర పట్టించిందీ ఆయనే. అలాంటి అన్నయ్యకు మనసుకు నచ్చేది ఒక్కటైనా ఇవ్వాలని మాస్టరుకు ఎన్నాళ్లుగానో కోరిక. చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఇద్దరూ చెరువు గట్టున గాలాలు వేసుకుని కూర్చునేవారు. ఆ ఆదివారాలు మళ్లీ రావాలంటే ఒక కయాక్, అంటే తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ, కొనాలని మాస్టరు తేల్చుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. భార్యకు అసలే చెప్పలేదు. ఆవిడ నోరు రహస్యం దాస్తుంది గానీ ముఖం దాచదు.

ఇల్లు ఖాళీ అయింది. మాస్టరు షాపుకు ఫోను చేశాడు.

"చేపలకాండీ, క్యాంపింగుకాండీ, ఊరికే నిదానంగా తిరగడానికాండీ?" అని అడిగాడు షాపు మనిషి.

"మూడింటికీనయ్యా."

"చేపలకైతే వెడల్పుది తీసుకోండి. కదలకుండా నిలబడుతుంది, కానీ నెమ్మది. క్యాంపింగుకైతే పొడుగుది. గుడారం, సామాను అన్నీ పడతాయి, కానీ తిప్పడం కష్టం. ఊరికే తిరగడానికైతే చిన్నది. తేలిక, కానీ అందులో మీరు తప్ప ఇంకేం పట్టదు."

"ఈ కానీలు లేనిది ఏదైనా ఉందా?"

"అలాంటిది ఇంకా తయారు కాలేదండీ. ఇంతకీ ఒక మనిషికా, ఇద్దరికా? పైన కూర్చునేదా, లోపలికి కాళ్లు జాపుకునేదా? ఆయన బరువెంత? పొడుగెంత?"

బరువు మాస్టరుకు తెలుసు. పోయిన వారమే కొత్త చొక్కాకని చెప్పి అన్నయ్య కొలతలన్నీ తీసుకున్నాడు. కాళ్లు జాపి నేల మీద కూర్చోబెట్టి కూడా తీశాడు. "చొక్కాకి బరువెందుకురా?" అని అన్నయ్య అడిగితే "ఇప్పటి ఫ్యాషన్ అదేనన్నయ్యా" అన్నాడు. అన్నీ తెలిసినా ఏ పడవో మాత్రం అంతు పట్టలేదు. కాసేపట్లో చెప్తానని ఫోను పెట్టేసి, కేటలాగు ముందేసుకుని తల గోక్కున్నాడు.

మాస్టరుకు ఒక అలవాటుంది. గీత గీయనిదే ఆయనకు బుర్ర పనిచేయదు. సైజు కళ్లతో చూడాలి. అందుకని సోఫా జరిపి, టేపు పరిచి, తెల్ల సుద్దతో హాల్లో పడవను అసలు సైజులో గీయడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతిలో ముందు మధ్య గీత పడాలి. తర్వాత దానికి అటు సగం, ఇటు సగం. నడుము ముప్ఫై నాలుగున్నా చీటీ మీద పదిహేడనే రాసుకునే మనిషి. ఇద్దరు కూర్చునే పడవ మరీ పొడుగు కాబట్టి, గీత వీధి గుమ్మం దగ్గర పుట్టి, భోజనాల బల్ల కింద నుంచి సాగి, వంటింట్లోకి వెళ్లి ఆగింది. స్టవ్వు ఇటు పడింది, సింకు అటు పడింది. గీతకు ఇటు 17 అని, అటు 17 అని రాశాడు.

సరిగ్గా అప్పుడే కొట్టు ముందు నుంచి ఫోను. మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఉన్న కోటు ఆసామి, చేతులు పొడుగైపోయాయని గోల పెడుతున్నాడు. మాస్టరు సుద్ద అక్కడే పడేసి పరుగెత్తాడు. బల్ల మీద ఆయన రాసుకున్న చీటీ ఉండిపోయింది. అందులో మూడే ముక్కలు. "ఇద్దరికీ కలిపి ఒకటా, విడివిడిగా రెండా? శనివారం లోపల తేల్చాలి. అన్నయ్యకు చెప్పకూడదు."

బజారు నుంచి వచ్చిన వదిన ముందు గీత చూసింది. తర్వాత అటూ ఇటూ సమానంగా రాసిన అంకెలు చూసింది. తర్వాత చీటీ చదివింది. చేతిలో సంచి జారి టమాటాలు గీత దాటి దొర్లిపోయాయి. అటువైపు దొర్లినవాటిని ఏరుకోవచ్చో లేదో ఆవిడకు అర్థం కాలేదు. వెంటనే పెద్దక్కకు ఫోను చేసింది. ఈ అన్నదమ్ములిద్దరికీ పెద్దది, రెండు వీధుల అవతల ఉంటుంది. తగువు వాసన తగిలితే చెప్పులు కూడా చూసుకోకుండా బయలుదేరే మనిషి.

"వదినగారూ, మీ తమ్ముడు ఇల్లు పంచేస్తున్నాడండీ. గోడ కట్టడానికి గీత కూడా గీసేశాడు. నా చేతి అన్నం తిన్న పిల్లాడు!" అని అక్కడే కూర్చుండిపోయింది.

పన్నెండింటికి మాస్టరు భార్య క్లినిక్కు నుంచి వచ్చింది. గుమ్మంలోంచి చూస్తే తోటికోడలు గీతకు ఒక పక్కన తన బట్టల పెట్టె మీద కూర్చుని ఉంది. స్టవ్వు పక్కన తన గిన్నెలు మాత్రం పేర్చుకుంది.

"ఏంటక్కా ఇది?"

"నీకు తెలీదా? ఇటు మాది, అటు మీది. సింకు మీకొచ్చింది. మేం ఎక్కడ కడుక్కోవాలో మీ ఆయన్నే అడుగు."

మాస్టరు భార్యకు నిజంగా ఏమీ తెలియదు. తెలియకపోయినా ఒక్కటి మాత్రం క్షణంలో అర్థమైపోయింది. బావగారు రిటైరవుతున్నారు కదా, వాళ్లే వేరు పడాలనుకుని ఆ నెపం తన భర్త మీద వేస్తున్నారు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అలాగే కానివ్వండి" అని తన కుర్చీలు అటు లాక్కుంది. ఫ్రిజ్జు మాత్రం ఎటూ కాకుండా సరిగ్గా గీత ఆగిన చోట ఉండిపోయింది. దాని వంక ఇద్దరూ ఒక్కసారే చూసి, ఇద్దరూ ఒక్కసారే ముఖం తిప్పుకున్నారు.

కోటు చేతులు కత్తిరించి మాస్టరు ఇంటికి వచ్చేసరికి హాలు చదరంగం బల్లలా ఉంది. వదిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద చీటీ చూసి మాస్టరు గతుక్కుమన్నాడు. రహస్యం బయటపడిపోయిందన్నమాట!

"వదినా, చూసేశారా?"

"చూశానబ్బాయ్."

"అయిందేదో అయింది. అన్నయ్యకు మాత్రం చెప్పకండి. శనివారం నేనే చెప్తాను."

"రిటైరైన రోజే చెప్తావా?" అంది వదిన.

"అవును. ఆఫీసువాళ్లు చప్పట్లు కొట్టి పంపించగానే. అప్పుడు అన్నయ్య ముఖం చూడాలి వదినా!" అన్నాడు మాస్టరు ఉత్సాహంగా.

వదిన కొంగుతో నోరు మూసుకుంది. మాస్టరు భార్య మొగుడి వంక, ఇన్నేళ్లుగా ఎవరితో కాపురం చేస్తున్నానా అన్నట్టు చూసింది. నిజంగానే ఈయన పనే అన్నమాట. మాస్టరు మాత్రం ఒక పడవకు ఆడవాళ్లు ఇంత బాధపడటమేమిటో తెలియక నిలబడ్డాడు. నీళ్లంటే భయం కాబోలనుకున్నాడు.

ఇంతలో పెద్దక్క సుడిగాలిలా వచ్చింది. రెండు కాళ్లకూ వేర్వేరు చెప్పులున్నాయి. గీత ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి చూసింది. "ఒరేయ్, మీరిద్దరూ చెరో పదిహేడు తీసుకుంటే నాకేదిరా? నేను ఈ ఇంట్లో పుట్టలేదా?" అని కింద పడున్న సుద్ద అందుకుని, వంగి, పక్కన ఇంకో గీత గీసింది.

"నువ్వూ ఎక్కుతావా అక్కా?" అన్నాడు మాస్టరు అయోమయంగా. "ముగ్గురు పట్టరే!"

"పట్టకపోతే పట్టించాలి!"

అదే సమయానికి ఫోను మోగింది. షాపు మనిషి. "ఏం తేల్చారండీ? వ్యాను ఇప్పుడు మీ వీధి వైపే వెళ్తోంది. ఒకరికా, ఇద్దరికా?" మాస్టరు జవాబు చెప్పబోయేలోగా వదిన పెట్టె ఎత్తుకుని గుమ్మం వైపు కదిలింది, ఆవిడను ఆపాల్సిందిపోయి భార్య పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. మాస్టరు ఆవిడ వెంట పడ్డాడు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గట్టిగా అరిచాడు.

"ఇద్దరూ కలిసే! విడివిడిగా వద్దే వద్దు!"

"అర్థమైందండీ" అని అటువైపు ఫోను పెట్టేశారు.

వదిన గుమ్మం దాటలేదు. ఎందుకంటే గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. చివరి వారం కదా, త్వరగా పంపించేశారు. ఆయన చెప్పులు విడిచి, టూలు సంచి కింద పెట్టి, భార్య చేతిలో పెట్టె చూశాడు, గీత చూశాడు, చీటీ చదివాడు. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. గీత పక్కన చతికిలబడి, ఆ సుద్దను వేలితో తడిమాడు.

"నీకు ఇల్లు మొత్తం కావాలన్నా ఇచ్చేవాణ్ణి కదరా. అడగడానికి ఏం? గీత గీసే దాకా ఎందుకు?"

అప్పుడు అర్థమైంది మాస్టరుకు. తల నుంచి కాలి దాకా ఒక్కసారే అర్థమైంది. అన్నయ్య కళ్లలో నీళ్లు తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అయ్యో అన్నయ్యా! అది గోడ కాదు, పడవ!"

పెద్దక్క నెమ్మదిగా "వీడికి జ్వరమేమో చూడండి" అంది.

మాస్టరు ఇక ఆగలేదు. సుద్ద లాక్కుని మధ్య గీతకు అటు పదిహేడు, ఇటు పదిహేడు అంగుళాల దూరంలో వంపు తిప్పుతూ గబగబా గీశాడు. రెండు కొసలూ కలిసేసరికి నేల మీద నిజంగానే పడవ తేలింది. అన్నయ్య చేయి పట్టుకుని ముందు సీటులో కాళ్లు జాపి కూర్చోబెట్టాడు, తాను వెనక కూర్చున్నాడు. కొలతలు, చీటీ, శనివారం, చెరువు, చేపలు, అన్నీ ఏడుస్తూనే చెప్పాడు. వదిన చేతిలో పెట్టె ఠప్పున కింద పడింది. తోటికోడలు వచ్చి ఆవిడ భుజం మీద తల పెట్టేసింది.

అన్నయ్య మాత్రం సుద్ద పడవలో కదలకుండా కూర్చున్నాడు. గీత అవతలికి ఒకసారి చూసి కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

"ఒరేయ్, నాకు నీళ్లంటే భయంరా."

"అదేంటన్నయ్యా! ప్రతి ఆదివారం..."

"నీకు ఈత రాదు. వద్దన్నా గట్టు చివరికి పోయేవాడివి. వెనక నీ చొక్కా పట్టుకుని కూర్చోడానికి వచ్చేవాణ్ణి. నా గాలానికి ఎరే ఉండేది కాదు."

నిజం చెప్పాలంటే మాస్టరుకూ చేపల వాసన పడదు. అన్నయ్య పోతున్నాడని తను, తను పోతున్నాడని అన్నయ్య, ఏళ్ల తరబడి ఇష్టం లేని చెరువు చుట్టూ తిరిగారన్నమాట. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, ఇద్దరూ సుద్ద పడవలోనే వెనక్కి వాలిపోయి పగలబడి నవ్వారు.

బయట హారను మోగింది. వ్యాను మీద పసుపు రంగు కయాక్, ఇద్దరు కూర్చునేది, పదమూడున్నర అడుగులు. తిరిగి పంపేద్దామన్నాడు అన్నయ్య. "ఎందుకు పంపడం?" అంది వదిన చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ. "నాకు ఈతొచ్చు. పెళ్లయ్యాక ఎవరూ అడగలేదు గానీ." వెనక సీటు తనదేనని తోటికోడలు అప్పటికప్పుడే చెప్పేసింది. మొదటి ఆదివారం నుంచీ ఆడవాళ్లిద్దరూ పొద్దున్నే చెరువు మీదికి పోవడం, అన్నదమ్ములు గట్టున, నీళ్లకు బాగా దూరంగా, కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడం అలవాటైంది. చేపలు పట్టే ఊసే లేదు.

ఇక మిగిలింది పడవను పెట్టుకునే చోటు. వీధిలో పెడితే దారి ఉండదు, గదుల్లో పట్టదు. ఇంట్లో అంత పొడుగు ఒక్కచోటే ఉంది. అది మాస్టరు ముందే గీసి పెట్టాడు. అటు పదిహేడు, ఇటు పదిహేడు, కొలత వెంట్రుకవాసి తప్పలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో అటువాళ్లు ఇటు రావాలంటే పడవ ఎక్కి దిగాల్సిందే. గోడైతే మధ్యలో తలుపైనా పెట్టుకునేవాళ్లు కదా అని పెద్దక్క వచ్చినప్పుడల్లా అంటుంది.