నడుమ పది నిమిషాలు

ఆ పొద్దున వెంకటేశ్వర్‌కు ఉన్న పని ఒక్కటే: మధ్యాహ్నంలోపు ఒక మంచి సినిమా ఏరి పెట్టడం. ఆయన భార్య స్వాతి సిరోంచలో మహిళల బచత్ గట్‌కు, అంటే పొదుపు సంఘానికి, అధ్యక్షురాలు. ఈసారి ఆ పదవికి పొరుగింటి సుశీలాబాయి పోటీకి దిగింది. చేతులెత్తి ఎన్నుకునే ముందు సభ్యులకు సినిమా చూపించి మనసులు మెత్తబరచాలని స్వాతి ఆలోచన.

"తల్లీబిడ్డలు కలిసి చూసేటట్టు ఉండాలె. బొమ్మ చెడిపోతే నా పదవి పోతది," అంది.

"బియ్యం చూసెటోనికి బొమ్మ చూసుడు ఎంతసేపు?" అన్నాడు ఆయన.

బస్తా నడుమ ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీస్తే బస్తా గుణమంతా తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళ బియ్యం వ్యాపారంలో ఆయన చెయ్యి తప్పింది లేదు. మంచిర్యాల బావమరిది నాగేష్ మూడు కొత్త సినిమాలు చెప్పాడు. మూడూ చూడదగ్గవేనట, ఒకటి భయపెడుతుంది, ఒకటి ఉత్కంఠతో కూర్చోనివ్వదు, ఒకటి ఏడిపిస్తుంది. ఏది ఏదో మాత్రం చెప్పలేదు. వెంకటేశ్వర్ ఒక్కోదాన్నీ ఫోన్‌లో సరిగ్గా నడుమ తెరిచి పది నిమిషాలు చూశాడు. మొదటిదానిలో ఒక అవ్వ మనవరాలికి జడ వేస్తోంది. ఇది సంసారపక్షం. రెండోదానిలో ఒకడు వానలో సంచీ పట్టుకుని బస్సు వెంట పరుగెత్తుతున్నాడు. ఇది దొంగల కథ. మూడోదానిలో చీకటింట్లో దీపం కదులుతోంది. దయ్యం ఇదే.

రెండు గంటలకు సంఘం గదిలో కిటికీలు మూసి, గోడ మీద అవ్వ సినిమా వేశారు. మొదటి దృశ్యంలోనే అవ్వకు దహనం జరిగింది. రెండో దృశ్యంలో అవ్వ దువ్వెన పట్టుకుని వచ్చింది.

పద్దెనిమిది మంది ఊపిరి బిగబట్టారు.

"మంచి బొమ్మే తెచ్చినవ్ సేటూ," అంది సుశీలాబాయి. "సచ్చినా అవ్వ పని మానలే."

స్వాతి చూపు తట్టుకోలేక ఆయన రెండోదానికి మార్చాడు. దొంగలైతే కనీసం బతికున్నవాళ్ళు. తీరా ఆ మనిషి దొంగ కాదు, కూతురి చదువు కోసం ఊళ్ళు తిరిగే తండ్రి. పావుగంటకే గదంతా ముక్కులు చీదుతున్న చప్పుడు. సుశీలాబాయి లేచి నిలబడింది.

"ఇది ఆపు. అవ్వదే పెట్టు."

"భయమైతలేదా అత్తా?" అంది స్వాతి.

"సగంల ఇడిచిపెడితే అవ్వ మన ఇంటికస్తది. కడదాక చూస్తెనే పోతది. ఏందమ్మా, అంతేనా?"

అంతే అన్నారు అందరూ. ఎన్నిక మాట ఎవరికీ గుర్తులేదు.

బొమ్మ చివర్లో వరద వచ్చింది. నీళ్ళలోకి జారుతున్న పిల్లను ఆ జడే పట్టి అవ్వ ఒడ్డుకు లాగింది. ప్రాణహిత నది పక్కన పుట్టినవాళ్ళకు వరద కొత్త కాదు. అయినా ఇలా ఎన్నడూ చూడలేదు. బొమ్మ ఆగినా ఎవరూ కదల్లేదు. వెంకటేశ్వర్ తెల్లటి గోడనే చూస్తూ కూర్చున్నాడు. అవ్వ ఆ జడ ఎందుకు వేస్తోందో తెలియకుండానే పొద్దున తీర్పు చెప్పేశాడు.

అందరికంటే ముందు సుశీలాబాయి చెయ్యెత్తింది.

"అధ్యక్షురాలివి నువ్వే ఉండు బిడ్డా. ముందుగాల నన్ను ఇంట్ల దింపు."

మిగతా చేతులన్నీ లేచాయి.

నాలుగున్నరకు, ఎండ ఇంకా చుర్రుమంటుండగా, పద్దెనిమిది మంది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బజారు వెంట నడిచారు. వెంకటేశ్వర్ ఆ గుంపుకు సరిగ్గా నడుమ ఉన్నాడు.